బెజవాడ గాలిలో ప్రైమర్ కోటు

బెజవాడలో బుల్లి బొమ్మలకు స్ప్రే డబ్బాతో ప్రైమర్, అంటే రంగులకు ముందు వేసే అడుగు పూత, కొట్టాలంటే ముందు పంచాంగం చూసుకోవాలి. వెటకారం కాదు, నిజంగానే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండకి డబ్బాలోంచి బయల్దేరిన రంగు బొమ్మను చేరేలోపే గాల్లో ఆరిపోతుంది. బొమ్మ మీద పడేది తడి రంగు కాదు, పొడి. వేలితో తడిమితే గరగరలాడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టిందంటే పూర్తిగా ఎదురు కథ. డబ్బాలోని గ్యాస్ బయటికొస్తూ చల్లబడుతుంది, ఆ చల్లదనానికి గాల్లో ఉన్న తేమ కూడా రంగుతో పాటే బొమ్మ మీదికి చేరుతుంది, నల్ల ప్రైమర్ ఆరేసరికి తెల్లగా పాలిపోయి కూర్చుంటుంది. చలికాలం నయమే గానీ, కృష్ణ ఒడ్డు ఊరు కదా, పొద్దున మంచు విడిచేదాకా ఆగాలి, సాయంత్రం మళ్ళీ మంచు దిగేలోపు ముగించాలి. మధ్యలో దొరికే ఆ కాసేపూ నేను డ్యూటీలో ఉంటాను.

పైగా ఆ డబ్బాలు మండే సరుకు. విమానంలో వేయరు కాబట్టి లారీల మీద తాపీగా వస్తాయి, వచ్చేసరికి మన ఉత్సాహం కాస్తా చల్లారిపోతుంది.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మన ఊళ్ళో మినియేచర్లకు, అంటే ఆటల్లో వాడే ఈ బుల్లి బొమ్మలకు, రంగులేసేవాళ్ళు ఎయిర్‌బ్రష్, అదే కంప్రెసర్ గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి గన్ను, కొనడానికి ప్రైమర్ ఒక్కటే చాలినంత కారణం. యూట్యూబ్‌లో చూపించే మెరుపులు, రంగులో రంగు కలిసిపోయే షేడింగులు, కత్తి అంచు మీద వెలుగులు, అవన్నీ తర్వాత నేర్చుకుంటే నేర్చుకోవచ్చు, లేకపోతే లేదు. నేను ఇప్పటికీ ఆ షేడింగులన్నీ మామూలు బ్రష్షుతోనే వేస్తాను. ప్రైమర్ మాత్రం ఎయిర్‌బ్రష్‌తో తప్ప వేయను.

నేను చేసే పనేంటో కూడా చెప్పాలి, లేకపోతే మధ్యలో పళ్ళ గొడవ ఎందుకొచ్చిందో అర్థం కాదు. నేను డెంటల్ టెక్నీషియన్‌ని. సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో పంటి క్యాపులు చేస్తాను. బొమ్మలకు రంగులేయడం మా తమ్ముడి వల్ల అంటుకుంది. వాడూ వాడి స్నేహితులూ ఆదివారాలు మొగల్రాజపురంలో ఒకళ్ళింటి మేడ మీద చేరి వార్‌హ్యామర్ 40,000 ఆడతారు. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో ఉండే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళు 1987లో మొదలుపెట్టిన ఆట అది. ముప్ఫై మిల్లీమీటర్లు అటూఇటూగా ఉండే ప్లాస్టిక్ సైనికులు, వాళ్ళ భుజకవచాలు, వాటి మీద రివెట్లు, నడుముకి వేలాడే పర్సులు. ఆడేది వాడు, రంగులేసేది నేను. ఆ ఆటలో ఎవరు ఎవర్ని ఎందుకు చంపుతారో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ప్రైమర్ ఎందుకు అని తమ్ముడు మొదట్లో అడిగినప్పుడు వాడికి ల్యాబ్ భాషలోనే చెప్పాను. లోహం మీద పింగాణీ పెట్టి చేసే క్యాపులు ఉంటాయి. ఆ లోహం మీద నేరుగా పంటి రంగు పింగాణీ పెట్టం. ముందు ఒపేక్ అని ఒక పొర వేస్తాం. దానికి రెండు పనులు: కింద ఉన్న బూడిద రంగు లోహం పైకి కనపడకుండా దాచడం, పైన రాబోయే పింగాణీని పట్టుకోవడం. ఆ ఒపేక్‌ని కూడా ఒక్క దెబ్బలో దట్టంగా పెట్టం. మొదట పలచగా ఒకసారి పూసి ఫర్నేసులో కాల్చి, ఆ తర్వాత రెండో పూత వేసి మళ్ళీ కాలుస్తాం. మందమైతే పైన పింగాణీకి చోటు మిగలదు, పన్ను లావుగా తయారవుతుంది. బొమ్మకి ప్రైమర్ కూడా అచ్చంగా అంతే. పాలీస్టైరీన్ ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, నీళ్ళతో కలిపే యాక్రిలిక్ రంగులు దాన్ని పట్టుకోవు, గోరు తగిలితే లేచిపోతాయి. ప్రైమర్ పడితే పట్టు దొరుకుతుంది, బొమ్మంతా ఒకే రంగులోకి వస్తుంది. ఎక్కువ పడితే రివెట్లు పూడుకుపోతాయి, ముఖంలో కళ్ళు మూసుకుపోతాయి. నాకు ఈ పని కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఇదే. పగలంతా చేసే పనే రాత్రి ఇంకో సైజులో చేస్తున్నాను.

ప్రైమర్ కంటే ముందు చేయాల్సినవి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అవి అందరూ చెప్తారు. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట బొమ్మ మీద సన్నటి గీత ఉంటుంది, దాన్ని గీకేయాలి. చాలామంది కత్తి బ్లేడు వెనక్కి తిప్పి గీకుతారు, నేను ల్యాబ్‌లో మైనం చెక్కే లెక్రాన్ కార్వర్ వాడతాను, దాని గుండ్రటి కొనతో గీకితే కోసుకుపోయే భయం తక్కువ. ఈ గీతలు ప్రైమర్ వేశాక దాక్కుంటాయని అనుకోవద్దు, అప్పుడే బయటపడతాయి. చేతులూ భుజాలూ అతికించిన చోట సందులుంటే పుట్టీతో నింపాలి. కొండపల్లి బొమ్మల వాళ్ళు తెల్ల పొణికి చెక్కతో ఏ భాగానికి ఆ భాగం చెక్కుకుని, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, ఆ అతుకు ఎక్కడుందో తెలియకుండా చేస్తారు. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఆ పని తరతరాలుగా జరుగుతుంటే మనం ప్లాస్టిక్ సైనికుడి చంకలో సందు వదిలేసి రంగులేస్తే సిగ్గుగా ఉంటుంది.

రెజిన్ బొమ్మలైతే అచ్చు నుంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసిన జిడ్డు ఉంటుంది, గిన్నెల సబ్బు వేసిన గోరువెచ్చని నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. త్రీడీ ప్రింటర్‌లో తీసినవైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, అల్ట్రావయొలెట్ లైటు కింద పూర్తిగా గట్టిపడనిచ్చాకే ప్రైమర్. ల్యాబ్‌లో మేం ప్రింట్ తీసే పళ్ళ మోడళ్ళకూ ఇదే వరస. సరిగ్గా గట్టిపడని రెజిన్ మీద ఏ ప్రైమరైనా జిగటగానే ఉండిపోతుంది, ఎన్నాళ్ళు ఆరబెట్టినా దారికి రాదు.

బొమ్మను పట్టుకోవడానికి హోల్డర్లని అమ్ముతారు. నేను డెంటల్ స్టోన్‌తో, అంటే పళ్ళ మోడళ్ళు పోసే గట్టి ప్లాస్టర్‌తో, పోసుకున్న దిమ్మెలు వాడతాను. మోడళ్ళు పోశాక గిన్నెలో మిగిలిన స్టోన్ ఎలాగూ పారేసేదే. బరువుగా ఉంటాయి, ఫ్యాను గాలికి పడిపోవు, పైన రెండువైపులా అంటుకునే టేపు ముక్క వేసి బొమ్మను నిలబెడితే కదలదు.

ఇక అసలు సంగతి, గాలి. ఎయిర్‌బ్రష్ గురించి రాసేవాళ్ళు బ్రష్షు గురించే పేజీలకు పేజీలు రాస్తారు. మన ఊళ్ళో మాత్రం సగం పైన చూసుకోవాల్సింది కంప్రెసర్ సంగతే.

గాలిని నొక్కి ట్యాంకులో కుక్కినప్పుడు దాంట్లో ఉన్న నీటి ఆవిరి కూడా దగ్గరపడుతుంది. వేడిగా ఉన్నంతసేపు ఆవిరిగానే ఉంటుంది. చల్లబడగానే నీళ్ళవుతుంది. వానాకాలంలో బెజవాడ గాలి ఎంత చెమ్మగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అదంతా ట్యాంకు అడుగునో, పైపులోనో, ఖర్మ కాలితే బొమ్మ ముఖం మీదో చుక్కై పడుతుంది. డెంటల్ ల్యాబ్‌లో గాలిలో నూనె ఉండకూడదు, నీళ్ళుండకూడదు. పింగాణీ మీద ఆ రెంటిలో ఏది పడినా క్యాపు పాడైపోతుంది. అందుకే పొద్దున్నే తాళం తీసినవాళ్ళు చేసే మొదటి పని కంప్రెసర్ కింద వాల్వు తిప్పి నీళ్ళు వదలడం. ఇంట్లోనూ నాకదే అలవాటు. ట్యాంకు కింద చిన్న మర ఉంటుంది, దాన్ని విప్పితే బుస్సుమంటూ తుప్పు రంగు నీళ్ళు వస్తాయి. ఆగస్టులో ఎన్ని నీళ్ళొస్తాయో ఒకసారి చూస్తే స్ప్రే డబ్బా మీద ఉన్న కాస్త మోజు కూడా పోతుంది.

కొనేటప్పుడు ట్యాంకు ఉన్నదే కొనండి. మూడు లీటర్ల ట్యాంకు ఉండే చిన్న పిస్టన్ కంప్రెసర్ ఈ పనికి సరిపోతుంది. ట్యాంకు నిండాక మోటారు దానంతటదే ఆగిపోతుంది, గాలి తగ్గాక మళ్ళీ మొదలవుతుంది. ట్యాంకు లేని వాటిలో మోటారు ఆడుతూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది, వేడిగాలి, నీళ్ళు పట్టే మాయిశ్చర్ ట్రాప్‌ని దాటి వెళ్ళి పైపులో చల్లబడి అక్కడ నీళ్ళవుతుంది. ట్రాప్ ఉన్నా ఉపయోగం లేకపోవడం అంటే అదే. బ్రష్షుకే తగిలించుకునే బుల్లి రీఛార్జబుల్ కంప్రెసర్లు కూడా వస్తున్నాయి. ముద్దుగా ఉంటాయి గానీ, ప్రెషర్ నిలకడగా ఉండదు కాబట్టి ప్రైమర్‌కి నేను చెప్పను. నేనైతే రెగ్యులేటర్ దగ్గరున్న ట్రాప్‌కి తోడు బ్రష్షు పిడి దగ్గర ఇంకో చిన్న ట్రాప్ పెట్టుకున్నాను. బ్రష్షు చివర కాస్త బరువు పెరుగుతుంది, అలవాటైపోతుంది. ఎక్కువ బొమ్మలుంటే మధ్యలో మోటారు ఆపి ట్యాంకు చల్లారనిస్తాను, ఆ సందులో టీ.

చేతి కదలిక నేర్పింది మాత్రం యూట్యూబ్ కాదు, ఆటోనగర్. మా నాన్న స్కూటర్ల కాలం నుంచి తెలిసిన పెయింటర్ బాబాయ్ ఒకాయన అక్కడ కార్లకు రంగులేస్తాడు. నా ఎయిర్‌బ్రష్ తీసుకెళ్ళి చూపిస్తే అటూఇటూ తిప్పి, "ఏంటమ్మా ఇది, గన్నుకి పిల్ల పుట్టినట్టుందే" అన్నాడు. బొమ్మ చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మొబైల్ లైటు వేసి మరీ చూశాడు.

"దీనికి ఎన్ని కోట్లు వేస్తావ్?"

"రెండు మూడు, బాబాయ్."

"మొదటి కోటు పడిందా లేదా అని అనుమానం రావాలి. పడిందని చూడగానే తెలిసిపోయిందంటే ఎక్కువైనట్టే."

తర్వాత నా చేతికి తన ఖాళీ గన్ను ఇచ్చి, షెడ్డులో మూలకున్న పాత బానెట్ మీద గాలి మాత్రమే కొట్టించాడు. చెయ్యి కదిలాకే రంగు వదలాలి, రంగు ఆపాకే చెయ్యి ఆపాలి. బొమ్మకి బయట మొదలుపెట్టి, బొమ్మ మీదుగా సాగి, బొమ్మ దాటాక ఆగాలి. ట్రిగ్గర్ నొక్కిన మొదటి క్షణంలో చుక్కలు చిమ్ముతుంది కాబట్టి ఆ చుక్కలేవో బయటే పడతాయి. ఆయన నోటి నుంచి ఇంత వివరంగా రాలేదు. "ఆగిన చోట కారుద్దమ్మా" అన్నాడంతే. మిగతాదంతా చేత్తో చూపించాడు.

ఇంకో సంగతి కూడా అక్కడే పట్టాను. రంగు కొట్టబోయే ముందు కుర్రాడు షెడ్డు నేలంతా నీళ్ళు చల్లాడు. దుమ్ము లేవకుండా ఉండటానికట. మా ఇల్లు పటమటలో, బాల్కనీ కింద రోడ్డు, ఎప్పుడూ ఏదో ఒకటి తవ్వుతూనే ఉంటారు. ఇప్పుడు నేను కూడా ప్రైమర్ పెట్టుకున్న రోజు ముందు గదంతా తడిగుడ్డ పెడతాను. అమ్మ ఇల్లు తుడవమంటే తుడవని దాన్ని సైనికుల కోసం తుడుస్తున్నానని ఆవిడ బాధ ఆవిడది.

బాబాయ్ తన దగ్గరున్న కారు ప్రైమర్ ఒక సీసాలో పోసిస్తానన్నాడు, వద్దన్నాను. హార్డెనర్ కలిపి వాడే 2కె ప్రైమర్లు చాలావాటిలో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు అవి మంచివి కావు, ఇంట్లో కొట్టే సరుకు అసలే కాదు. పైగా కార్లకు వాడే ఘాటు థిన్నర్లు పాలీస్టైరీన్‌ని తినేస్తాయి.

నేను వాడేది వయెహో వాళ్ళ సర్ఫేస్ ప్రైమర్, స్పెయిన్ కంపెనీ. నీళ్ళ ఆధారంగా ఉండే యాక్రిలిక్ పాలీయూరిథేన్ సరుకు, వాసన తక్కువ. బ్యాడ్జర్ వాళ్ళ స్టైనల్‌రెజ్ కూడా ఆ జాతిదే. జపాన్ నుంచి వచ్చే మిస్టర్ సర్ఫేసర్ వేరే రకం, నీళ్ళతో కాక థిన్నర్‌తో కలిపే లాకర్ (lacquer). దాని పట్టు వీటికి రాదు, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దినా పొడిగా రాలుతుంది తప్ప పొర లేవదు. కానీ దానికి తగిన థిన్నర్ కావాలి, వాసన ఇల్లంతా పట్టేస్తుంది. తలుపులు తీసి పెట్టుకునే చలికాలంలో, అదీ రెజిన్ బొమ్మలకి మాత్రమే దాన్ని తీస్తాను.

ప్రైమర్ చిక్కదనం గురించి ఎవర్ని అడిగినా పాలలా ఉండాలంటారు. ఏ పాలు? మా ఇంటికి గేదె పాలు వస్తాయి. ఆ చిక్కదనంతో పోస్తే నాజిల్ దాటదు. ఈ ఉపమానం కనిపెట్టినవాళ్ళు వెన్న తీసిన పాలు తాగే దేశం వాళ్ళయి ఉండాలి. నేను చూసేది బ్రష్షు మీద రంగు పోసే కప్పు గోడ. కప్పులో ప్రైమర్ పోసి బ్రష్షుని కాస్త వంచి మళ్ళీ నిలబెడితే, గోడ మీద పలచటి పొర వదిలి రంగు నెమ్మదిగా కిందికి జారాలి. గోడకే అతుక్కుని కూర్చుంటే చిక్కన. ఏమీ మిగల్చకుండా నీళ్ళలా జారిపోతే పలచన. వయెహో ప్రైమర్‌ని చాలావరకు సీసాలోంచి నేరుగానే పోయొచ్చు. నీళ్ళు ఎక్కువ కలిపితే చుక్కలు చుక్కలుగా విడిపోయి సమంగా పరుచుకోదు. ఎండాకాలంలో మాత్రం రంగు త్వరగా ఆరకుండా సాఫీగా పారేలా చేసే ఫ్లో ఇంప్రూవర్ రెండు మూడు చుక్కలు కలపాల్సిందే, లేకపోతే నాజిల్‌లో ఉండే నీడిల్ (సూది) మొన మీదే ఆరిపోతుంది. సీసాని బాగా ఊపండి. బాగా అంటే చెయ్యి నొప్పి పుట్టేదాకా. తెల్ల ప్రైమర్ విషయంలో ఇంకా ఎక్కువ. తెలుపుకి వాడే టైటానియం డయాక్సైడ్ బరువైన పొడి, అడుగున కూర్చుంటుంది, పైపైన ఊపితే నాజిల్ మూసుకుపోతుంది.

నాజిల్ 0.3 మిల్లీమీటర్లది కూడా పనిచేస్తుంది, కానీ ప్రైమర్‌కి నేను 0.5 వేస్తాను. సన్నటి గీతలు గీసే పని కాదు కదా ఇది. ప్రెషర్ ఇరవై అయిదు పిఎస్‌ఐ దగ్గర. ఇరవైకి తగ్గితే చుక్కలు లావవుతాయి, ముప్ఫై దాటితే బొమ్మ మూలల్లోంచి గాలి వెనక్కి తన్ని రంగును లోపలికి పోనివ్వదు. దూరం, స్ప్రే డబ్బాకైతే జానెడు పైమాట, ఎయిర్‌బ్రష్‌కి బెత్తెడు చాలు. మే నెలలో ఇంకాస్త దగ్గరికి.

డ్యుయల్ యాక్షన్ బ్రష్షులో ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. నేను మొదట గాలి మాత్రమే వదిలి బొమ్మ మీద దుమ్ము ఊదేస్తాను. తర్వాత కింద నుంచి మొదలుపెడతాను. చంకలు, కాళ్ళ మధ్య, అంగీ లోపలివైపు, తుపాకీ కింది భాగం. పైభాగాలు ఎలాగూ కనపడతాయి, వాటికి రంగు తప్పకుండా పడుతుంది. తప్పిపోయేవి ఈ చీకటి మూలలే.

ఇక్కడ లైటు ముఖ్యం. టేబుల్ లైటుని నెత్తి మీద కాకుండా పక్క నుంచి పెట్టుకోండి. రంగు పడిన చోట ప్లాస్టిక్ మీద సన్నటి తడి మెరుపు వస్తుంది. రెండు మూడు క్షణాల్లో ఆ మెరుపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ పోయి, అంతా మ్యాట్‌గా అయిపోతుంది. ఆ పోవడం చూస్తూ చెయ్యి కదపాలి. మెరుపు అసలు రాకుండా పొడిపొడిగా పడుతుంటే దూరం ఎక్కువైంది, దగ్గరికి జరగాలి. మెరుపు వచ్చి పోకుండా అలాగే నిలిచిందా, అక్కడ రంగు చేరుతోంది. వెంటనే ట్రిగ్గర్ ముందుకి వదిలి గాలి మాత్రం కొట్టాలి. మడతలో చేరిన రంగు గాలికి పరుచుకుని సర్దుకుంటుంది, రివెట్టు తల మళ్ళీ పైకి తేలుతుంది. నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన క్షణం అదే. అంతవరకు బూడిద రంగు ప్లాస్టిక్‌లో కళ్ళకి ఆనని గీతలన్నీ, బెల్టు బకిల్, చేతితొడుగు మీది కుట్టు, ఆ మెరుపు ఆరిపోతున్నప్పుడు ఒక్కొక్కటీ తేలుతూ వస్తాయి.

మొదటి కోటు తర్వాత బొమ్మ ఇంకా మచ్చలు మచ్చలుగానే ఉంటుంది. ఉండనివ్వండి. చెయ్యి దురద పెడుతుంది, ఇంకొక్కసారి తిప్పుదామనిపిస్తుంది. దిమ్మె పక్కన పెట్టి ఇంకో బొమ్మ తీసుకోవాలి. వరసలో చివరి బొమ్మకి వచ్చేసరికి మొదటిది రెండో కోటుకి సిద్ధంగా ఉంటుంది.

మధ్యమధ్యలో నీడిల్ మొన మీద రంగు ఆరి చిన్న గడ్డ కడుతుంది, ఎండాకాలంలో మరీను. రంగు వంకరగా పోతోందన్నా, ఉండుండి చిమ్ముతోందన్నా కారణం చాలాసార్లు అదే. ఎయిర్‌బ్రష్ క్లీనర్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో మొనని మెల్లగా తుడిస్తే సరి. ప్రెషర్ పెంచి ఊదేద్దామని చూడకండి.

రంగు ఏది అంటే, నేను ముందు నలుపు అంతా వేసి, దాని మీద బూడిద రంగు ఏటవాలుగా నలభై అయిదు డిగ్రీల పై నుంచి, చివర తెలుపు నిట్టనిలువుగా నెత్తి మీద నుంచి పొదుపుగా వేస్తాను. మిట్టమధ్యాహ్నం ఎండ ఎక్కడ పడుతుందో అక్కడ తెలుపు, పడని చోట నలుపు. దీన్ని జెనితల్ అంటారు. స్ప్రే డబ్బాతోనూ చేస్తారు గానీ, డబ్బా పొగ అంతటా కమ్మేస్తుంది, ఎయిర్‌బ్రష్‌తో తెలుపు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపొచ్చు. దాని మీద పలచటి రంగు వేస్తే చాలు, వెలుగూ నీడా కింది నుంచి అవే కనపడతాయి. గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళు 2019లో తెచ్చిన, ఒక్క పూతతోనే వెలుగూ నీడా చూపించే కాంట్రాస్ట్ రంగులు వాడేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. ఈ దశలో బొమ్మకి ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత రంగులేస్తూ ఎక్కడ నీడ ఉండాలో అనుమానం వస్తే ఆ ఫోటో చూసుకోవచ్చు.

ఆరబెట్టే దగ్గర మా ఇంట్లో గొడవ. ఈ పాలీయూరిథేన్ ప్రైమర్లు అరగంటలో చేతికి అంటకుండా ఆరిపోతాయి గానీ, గట్టిపడటానికి 24 గంటలు కావాలి. ఆ లోపు గోరు తగిలితే పొరగా లేస్తుంది.

"అక్కా, ఆరిపోయింది కదా, ఆదివారం మ్యాచ్ ఉంది, ఇవాళే రంగులేసెయ్యవా?"

"రేపు."

"ముట్టుకుని చూశాను, అంటట్లేదు."

"ముట్టుకున్నావా?"

అప్పటి నుంచి దిమ్మెలు అల్మరా పైకెక్కాయి.

మాస్కు దగ్గర మాత్రం నేను ఎవరితోనూ హాస్యాలాడను. నీళ్ళ రంగే కదా, వాసన లేదు కదా అంటారు. తాగితే ఏమవుతుందన్నది కాదు ప్రశ్న, గాల్లో పొగలా తేలే ఆ ప్లాస్టిక్ రేణువులు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందన్నది. మా వృత్తిలో లోహాన్ని శాండ్‌బ్లాస్ట్ చేసే దుమ్ముతో, పోతపోసే పొడుల దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళున్నారు. దానికి వైద్యపుస్తకాల్లో పేరు కూడా ఉంది, సిలికోసిస్. యాక్రిలిక్‌కి ఎన్95 సరిపోతుంది, గడ్డం దగ్గర సందు లేకుండా బిగించుకోవాలి. లాకర్ కొడితే మాత్రం ఎన్95 ఆవిర్లను ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. వెనక ఫ్యానుతో రంగు పొగను లాగేసే మడత స్ప్రే బూత్ ఒకటి కొనుక్కుని దాని పైపు కిటికీలోంచి బయటికి పెట్టాను. కిటికీ అవతల పక్కింటి పిన్నిగారు బట్టలారేసే తీగె ఉంది కాబట్టి ఆవిడ బట్టలు తీసుకున్నాకే మొదలుపెడతాను. నిజానికి యాక్రిలిక్ అంత దూరం పోయేలోపే గాల్లో ఆరి దుమ్మైపోతుంది, దులిపితే పోతుంది. ఆ మాట పట్టుచీర కట్టుకున్న మనిషికి వివరించే ధైర్యం నాకు లేదు.

కడగడం కూడా ప్రైమర్ వేసిన వెంటనే, టీ తాగాక కాదు. రంగుల కన్నా ప్రైమర్ మొండిది, బ్రష్షులో ఒకసారి గట్టిపడిందంటే ఓ పట్టాన వదలదు. కప్పు ఖాళీ చేసి నీళ్ళు పోసి కొట్టాలి, తర్వాత క్లీనర్ పోసి కొట్టాలి, తెల్లగుడ్డ మీద రంగు మరక పడనంతవరకు. నీడిల్‌ని వెనక నుంచి లాగి తుడవాలి, ముందు నుంచి తుడిచేటప్పుడు మొన వంగితే ఇక ఆ నీడిల్ పనికిరాదు. కప్పు అడుగున నీడిల్ దూరే సందులో ప్రైమర్ దాక్కుంటుంది, అక్కడికి పళ్ళ సందులు శుభ్రం చేసుకునే ఇంటర్‌డెంటల్ బ్రష్షు సరిగ్గా దూరుతుంది. మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, సన్నటి సైజు అడగండి. నాజిల్‌ని చిన్న పానాతో విప్పేటప్పుడు బలం చూపించకండి, ఆ మరలు జుట్టంత సన్నం. లాకర్ వాడిన రోజు రబ్బరు ఓ-రింగుల్ని థిన్నర్‌లో నానబెట్టకండి, ఉబ్బిపోతాయి. అంతా బిగించాక నీడిల్‌ని పూర్తిగా ముందుకి తోయకుండా ఓ వెంట్రుకవాసి వెనక్కి ఉంచి, మూతి టోపీ పెట్టి, ట్యాంకులో గాలి వదిలి, కింద మర విప్పి నీళ్ళు తీసేయండి.